పిన్నికి కోర్టులో మాట్లాడే హక్కుందా? కేసు హైదరాబాద్‌లోనా, మన దగ్గరా?

రాజోలు వైపు నుంచి ఒకావిడ రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు వద్దన్నారు కాబట్టి వేయట్లేదు. నాలుగు పేజీలుంది, అసలు సంగతి కుదించి చెప్తాను.

ఆవిడకి 33 ఏళ్ళు. భర్త ఖతార్‌లో డ్రైవరు, రెండేళ్ళకోసారి వస్తాడు, ఒక బాబు ఒకటో క్లాసు చదువుతున్నాడు, తల్లి కూడా ఈవిడ దగ్గరే ఉంటుంది. ఐదేళ్ళ క్రితం వాళ్ళక్క జ్వరం ముదిరి పోయింది. అప్పటికి అక్క కూతురికి నాలుగేళ్ళు. బావగారిది హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం, అక్కడ పిల్లని చూసే దిక్కు లేదు, దాంతో పెద్దకర్మ అయిన మర్నాడు రెండువైపుల పెద్దలూ కూర్చుని 100 రూపాయల స్టాంపు కాగితం మీద ‘పిల్ల అమ్మమ్మ దగ్గర పెరుగుతుంది, తండ్రి ఎప్పుడైనా వచ్చి చూసుకోవచ్చు’ అని రాయించి బావగారి సంతకం పెట్టించారు. మొదట్లో ఆయన నెలనెలా డబ్బులు పంపేవాడు, తర్వాత ఓ నెల ఉంటే ఓ నెల లేదు. సంక్రాంతికి వచ్చేవాడు, ఆదివారం ఆదివారం వీడియో కాల్ చేసేవాడు. రెండేళ్ళ క్రితం మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు, ఇప్పుడో చిన్న బాబు. పిల్ల ఇప్పుడు మండల పరిషత్ స్కూల్లో నాలుగో క్లాసు. ఈ ఎండాకాలం వచ్చి ‘తీసుకెళ్ళిపోతా, అక్కడ చదివిస్తా’ అన్నాడు, వీళ్ళు కుదరదన్నారు, మాటా మాటా పెరిగింది, అప్పట్నుంచి వీళ్ళు ఫోన్ ఎత్తడం మానేశారు. మొన్న హైదరాబాద్ ఫ్యామిలీ కోర్టు నుంచి సమన్లు వచ్చాయి. పిటిషన్‌లో ‘కిందటేడాది దాకా పిల్ల నా దగ్గరే హైదరాబాద్‌లో ఉంది, సెలవులకని తీసుకెళ్ళి పంపించలేదు, పిన్నికి పిల్ల మీద ఏ హక్కూ లేదు’ అని రాయించాడంట. వచ్చే నెల వాయిదా.

ఇంక సలహాలు చూడండి. ఒకరు సమన్లు పట్టించుకోవద్దన్నారు, ఒకరు హైకోర్టుకి పొమ్మన్నారు, ఒకరు ముందుగానే పోలీసు కేసు పెట్టేయమన్నారు. అమ్మగారేమో ‘అక్కకి పసుపు కుంకుమ కింద రాసిన 30 సెంట్ల కొబ్బరితోట కోసమేనే ఇదంతా’ అంటున్నారు, లాయరు ఫీజుకి అక్క గొలుసు తాకట్టు పెడదామంటున్నారు. భర్త ఫోన్లో ‘మనకెందుకీ గొడవ, వాళ్ళ నాన్న అడుగుతుంటే ఇచ్చెయ్’ అన్నాడు. ఆవిడ అడిగింది మూడు ముక్కలు: నేను పిన్నిని మాత్రమే, నా మాట కోర్టు వింటుందా? కేసు హైదరాబాద్‌లో ఎలా వేస్తాడు? పిల్లని పంపేయాల్సిందేనా?

చూడమ్మా, ముందు ఒక మాట. సమన్లు పట్టించుకోవద్దన్న మనిషి ఎవరో గానీ ఆయన మాట మాత్రం వినకండి. ‘ఆ కోర్టుకి మన మీద అధికారం లేదు’ అనేది నిజమే అయినా ఆ సంగతి ఆ కోర్టుకే వెళ్ళి చెప్పాలి, ఇంట్లో కూర్చుని అనుకుంటే సరిపోదు. మీరు వెళ్ళకపోతే ఎక్స్‌పార్టీ చేస్తారు, అంటే మీరు లేకుండానే కేసు నడిపేస్తారు, ఆయన చెప్పిందే రికార్డు అవుతుంది, పిల్లని అప్పగించమని ఆర్డర్ వచ్చాక దాన్ని తీయించడానికి పడే పాట్లు ఇప్పుడు ఒక రాత్రి నరసాపురంలో రైలెక్కి వెళ్ళడం కన్నా చాలా ఎక్కువ.

మీ మాట కోర్టు వింటుందా అన్నదాని గురించి మీరు ఎక్కువ భయపడుతున్నారు. ఆయనే మిమ్మల్నీ అమ్మగార్నీ ప్రతివాదులుగా పెట్టాడు, పెట్టాక మీరు కౌంటర్, అంటే ఆయన పిటిషన్‌కి మీ జవాబు, వేయకుండా ఆపేవాళ్ళెవరూ లేరు. అదొక్కటే కాదు, మీరే ఎదురు కేసు వేయాలన్నా వేయొచ్చు. ఇలాంటి పిల్లల సంరక్షణ కేసులు నడిచేది ముఖ్యంగా 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం మీదే, అది అన్ని మతాలవాళ్ళకీ వర్తిస్తుంది. అందులో 8వ సెక్షన్‌లో ఎవరెవరు అర్జీ పెట్టుకోవచ్చో రాసి ఉంది, గార్డియన్‌గా (చట్టప్రకారం సంరక్షకులుగా) ఉండాలనుకునేవాళ్ళు, పిల్ల బంధువులు, ఆఖరికి స్నేహితులు, కలెక్టరు కూడా. అమ్మమ్మా పిన్నీ ఇద్దరూ అందులో వస్తారు.

కానీ అమ్మా, కేసు వేయగలగడం వేరు, గెలవడం వేరు. మీకు సలహాలు చెప్పినవాళ్ళందరూ ఈ రెండిటినీ కలిపేస్తున్నారు. మీరు పెద్దకర్మ అని రాశారు కాబట్టి హిందూ చట్టమే అనుకుని చెప్తున్నా, 1956 నాటి హిందూ మైనారిటీ అండ్ గార్డియన్‌షిప్ చట్టం 6వ సెక్షన్ ప్రకారం తల్లి లేని పిల్లకి సహజ సంరక్షకుడు తండ్రే. పైగా 1890 చట్టం 19వ సెక్షన్ ఏమంటుందంటే, తల్లో తండ్రో బతికి ఉండి, వాళ్ళు పనికిరారని కోర్టుకి అనిపించకపోతే, ఇంకొకర్ని గార్డియన్‌గా వేయకూడదు అంటుంది. కాబట్టి ‘నన్ను గార్డియన్ చేయండి’ అని మీరు వెళ్తే గోడకి ఎదురెళ్ళినట్టే. మీ బావగారు తాగుబోతనో కొట్టేవాడనో మీ నాలుగు పేజీల్లో ఎక్కడా లేదు, లేనిది కేసు కోసం పుట్టించకండి.

మీరు అడగదగ్గది వేరే ఉంది. గార్డియన్ ఆయనే అయినా పిల్ల ఎవరి దగ్గర ఉండాలి అన్నది వేరే ప్రశ్న, అక్కడ 1956 చట్టం 13వ సెక్షన్ చూస్తారు. పిల్ల బాగే అన్నిటికన్నా ముఖ్యం, తండ్రి హక్కు కన్నా కూడా, అని అందులోనే ఉంది. 2008లో నీల్ రతన్ కుందూ కేసులో సుప్రీం కోర్టు తండ్రి ఉండగానే పిల్లాణ్ణి అమ్మమ్మా తాతయ్యల దగ్గర ఉంచింది. అయితే ఆ తండ్రి మీద భార్య చావు తాలూకు క్రిమినల్ కేసుంది, పిల్లాడు కూడా అమ్మమ్మ దగ్గరే ఉంటానన్నాడు. రెండోవైపు 2019లో తేజస్విని గౌడ్ కేసు చూడండి, మీలాగే తల్లి పోయిన పిల్ల తల్లి తోబుట్టువుల దగ్గర పెరిగింది, తండ్రి అడిగాడు, సుప్రీం కోర్టు తండ్రికే ఇచ్చింది, వీళ్ళకి చూసొచ్చే వీలు పెట్టింది. మళ్ళీ 2024లో సోమప్రభా రాణా కేసులో, తల్లి పోయి పిన్నుల దగ్గరున్న చిన్న పిల్లని హైకోర్టు తండ్రికిమ్మంటే సుప్రీం కోర్టు ఆ ఆర్డర్ కొట్టేసింది. పిల్ల అంటే ఇక్కడ్నుంచి తీసి అక్కడ పెట్టే వస్తువు కాదు, ముందు గార్డియన్స్ చట్టం కింద పిల్ల బాగోగులన్నీ విచారించాలి, ఈలోపు తండ్రి వచ్చి చూసుకోవచ్చు, అంది. కాబట్టి ఇటు గ్యారంటీ లేదు, అటూ లేదు. నన్నడిగితే, ఉద్యోగం ఉండి ఏ మచ్చా లేని తండ్రి కాబట్టి చివరికి మొగ్గు ఆయన వైపే ఉండే అవకాశం ఎక్కువ, కానీ ఐదేళ్ళు ఒకచోట పెరిగిన పిల్లని రాత్రికి రాత్రి తీసుకెళ్ళిపోవడం కూడా అంత తేలిక కాదు. మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు కదా అని మీరు చాలాసార్లు రాశారు, అదొక్కటీ పట్టుకుని కోర్టు ఆయన్ని పక్కన పెట్టదు.

ఇప్పుడు హైదరాబాద్ సంగతి. ఇక్కడ మాత్రం మీ వైపు బలం ఉంది. 1890 చట్టం 9వ సెక్షన్ ప్రకారం పిల్ల సంరక్షణ కేసు పిల్ల మామూలుగా ఎక్కడ ఉంటోందో అక్కడి కోర్టులోనే వేయాలి. తండ్రి ఎక్కడున్నాడు, పిన్ని ఎక్కడుంది అన్నది కాదు. వాళ్ళ లాయరు ‘సహజ సంరక్షకుడు హైదరాబాద్‌లో ఉన్నాడు కాబట్టి చట్టం దృష్టిలో పిల్ల కూడా అక్కడున్నట్టే’ అని వాదిస్తాడు, ఎప్పుడూ వాదించేదే అది, కానీ సెక్షన్‌లో ఉన్నది పిల్ల నివాసం. 2011లో రుచి మాజూ కేసులో సుప్రీం కోర్టు ఇది సాక్ష్యాలు చూసి తేల్చాల్సిన విషయం అని చెప్పింది. అందుకే ఆయన పిటిషన్‌లో ‘కిందటేడాది దాకా నా దగ్గరే ఉంది’ అని రాయించాడు, ఆ ఒక్క వాక్యం లేకపోతే ఆ కోర్టులో కేసు నిలబడదని ఆయన లాయరుకి తెలుసు.

ఆ వాక్యం అబద్ధమని చూపించడానికి మీ దగ్గర బీరువాలో ఉన్నవే చాలు. స్కూల్ అడ్మిషన్ రిజిస్టర్, హాజరు, ఒకటో క్లాసు నుంచి ప్రోగ్రెస్ కార్డులు, వాటిలో తల్లిదండ్రుల సంతకం అని ఉన్నచోట ప్రతి పరీక్షకీ మీ సంతకమే ఉందని రాశారు చూశారా, జడ్జిగారికి మీ వాదన మొత్తం కన్నా ఆ సంతకాల వరస ఎక్కువ చెప్తుంది. అంగన్‌వాడీలో పేరు, టీకాల కార్డు, ఆధార్‌లో అడ్రస్సు, తల్లికి వందనం డబ్బులు అమ్మగారి ఖాతాలో పడ్డ పాస్‌బుక్ పేజీ, ఇవన్నీ తీసిపెట్టండి. హెడ్మాస్టరు గారి దగ్గర స్టడీ సర్టిఫికెట్ తీసుకోండి. పెద్దల కాగితం కూడా పెట్టండి కానీ దాని మీద ఆశలు పెట్టుకోకండి. తండ్రి తన బాధ్యతని స్టాంపు కాగితం మీద రాసిచ్చేసినంత మాత్రాన అది మీకు వచ్చేయదు, దత్తత కూడా అవదు. కానీ పిల్ల అప్పట్నుంచి అక్కడే ఉందనడానికి, ఆయన ఇష్టప్రకారమే ఉందనడానికి, మీరు ఎత్తుకుపోలేదనడానికి అది మంచి సాక్ష్యం.

ఈ అభ్యంతరం మొదటి వాయిదాల్లోనే, కౌంటర్‌తో పాటే రాతపూర్వకంగా పెట్టాలి. ముందు ఊరుకుని, కేసు సగం నడిచాక ‘ఈ కోర్టు కాదండీ’ అంటే ఎవరూ వినరు. మీ అభ్యంతరం నిజమని తేలితే పిటిషన్‌ని సరైన కోర్టులో వేసుకోమని ఆయనకి తిరిగి ఇచ్చేస్తారు. కానీ అమ్మా, అక్కడితో మీరు గెలిచినట్టు కాదు. ఆయన మళ్ళీ మన దగ్గర వేస్తాడు, మీకు హైదరాబాద్ ప్రయాణాలు తప్పుతాయి, మన స్కూలు టీచరమ్మ, మన ఏఎన్‌ఎమ్ వచ్చి సాక్ష్యం చెప్పగలుగుతారు, అది పెద్ద లాభమే. కానీ పిల్ల ఎవరి దగ్గర అన్న ప్రశ్న అలాగే ఉంటుంది, కోర్టు మారుతుంది అంతే. దానికోసమే ఉన్న డబ్బూ ఓపికా అంతా అవగొట్టేయకండి.

ఇంకో దారి ఉంది, మీరే ఇక్కడ పిల్ల కస్టడీ కోసం ఓపీ (ఒరిజినల్ పిటిషన్) వేయడం. పిల్ల ఇక్కడ ఉంది కాబట్టి కోర్టు ఇదే. అప్పుడు రెండు చోట్ల రెండు కేసులవుతాయి, రెండూ గార్డియన్‌ని వేయమన్న కేసులైతే 1890 చట్టం 14వ సెక్షన్ కింద సంగతి తెలిసిన కోర్టు తన దగ్గర విచారణ ఆపి పైకి రిపోర్టు పంపాలి. దీనివల్ల మీకు టైం దొరకొచ్చు కానీ అది ఎన్నాళ్ళ టైమో ఎవరూ చెప్పలేరు, ఈలోగా పిల్ల ఐదు దాటి హైస్కూలుకి వచ్చేస్తుంది. ఒక చిన్న సంగతి, కొత్తగా 2022లో కోనసీమ జిల్లా వచ్చింది కదా అని కోర్టు కూడా కచ్చితంగా అమలాపురమే అనుకోకండి, రెవెన్యూ జిల్లాల హద్దులూ కోర్టుల హద్దులూ ఒకటి కావు, రాజోలు కోర్టులో లాయర్ని అడిగితే మీ మండలం ఎక్కడికి వస్తుందో నిమిషంలో చెప్తారు.

కేసుని అక్కడ్నుంచి ఇక్కడికి మార్పించుకోవడం అనేది ఇంకో దారి. ఒకప్పుడైతే రెండూ ఒకే హైకోర్టు కింద ఉండేవి, 2019 జనవరి 1 నుంచి ఆంధ్రాకీ తెలంగాణకీ హైకోర్టులు వేరు, కాబట్టి హైదరాబాద్ కేసు ఇటు మార్చాలంటే సుప్రీం కోర్టుకే వెళ్ళాలి, సివిల్ ప్రొసీజర్ కోడ్ 25వ సెక్షన్ కింద. భర్త దేశంలో లేడు, చిన్న పిల్లలు, పెద్ద వయసు తల్లి అని చెప్పుకోవచ్చు. కానీ ఢిల్లీ అంటే ఢిల్లీయే, ముందు హైదరాబాద్‌లో అభ్యంతరం పెట్టి చూశాకే దాని సంగతి.

హైకోర్టుకి పొమ్మన్నాయన హెబియస్ కార్పస్ గురించి, అంటే ఎవరినైనా అక్రమంగా పట్టి ఉంచితే కోర్టు ముందుకి తెప్పించే పిటిషన్ గురించి, విని ఉంటాడు. పిల్ల మీ దగ్గరే ఉంటే మీరు ఆ పిటిషన్ వేసి ఏం అడుగుతారు? అది ఆయనకి పనికొచ్చే ఆయుధం, మీకు కాదు. ఆయన వేస్తే మాత్రం నేను పైన చెప్పిన 2024 తీర్పు మీ లాయరుకి గుర్తు చేయండి. పోలీసు కేసు అసలు వద్దు. సొంత తండ్రి మీద కిడ్నాప్ అని రాసిస్తే ఎస్సైగారు ‘కోర్టులో తేల్చుకోండమ్మా’ అని పంపేస్తారు, ఆ కాగితం మాత్రం అవతలి లాయరు ఫైల్లో ఉండిపోతుంది.

కొబ్బరితోట మాట కోర్టులో ఎత్తేముందు ఒకటి తెలుసుకోండి. అక్క వీలునామా ఏదీ రాయకుండా పోయింది కాబట్టి, ఆ 30 సెంట్లలో భర్తకీ కూతురికీ చెరిసగం వస్తుంది, మీరు పసుపు కుంకుమ కింద ఇచ్చిందే అయినా సరే. ఆయన సగం ఎలాగూ ఆయనదే, దానికోసం పిల్లని తీసుకెళ్ళాల్సిన పని లేదు. పిల్ల సగాన్ని కోర్టు పర్మిషన్ లేకుండా తండ్రి కూడా అమ్మలేడు. కాబట్టి ‘తోట కోసమే’ అనే వాదన మీకు కలిసిరాకపోగా, కొబ్బరి దింపు డబ్బులు ఐదేళ్ళుగా ఎవరు తీసుకుంటున్నారని ఎదురు ప్రశ్న వస్తుంది. లెక్క రాసి ఉంచండి. అక్క గొలుసు తాకట్టు పెట్టకండి, అది కూడా ఆ పిల్లదీ తండ్రిదీనే. లాయరు ఖర్చుకి భయపడక్కర్లేదు, 1987 లీగల్ సర్వీసెస్ చట్టం కింద ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు. 15100కి ఫోన్ చేయండి, లేదా రాజోలు కోర్టు ఆవరణలో లీగల్ సర్వీసెస్ వాళ్ళని అడగండి, హైదరాబాద్ కోర్టులో కూడా వాళ్ళ ఏర్పాటు ఉంటుంది.

ఇప్పుడు మీకు నచ్చని మాట చెప్తాను. ఫోన్ ఎత్తడం మానేశామని మీ ఉత్తరంలో ఒక్క లైనులో రాసి దాటేశారు. నాకైతే ఈ కేసులో మీకు అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది అదే అనిపిస్తోంది. పిల్ల మీ దగ్గర ఉండాలని మీరడిగే ఆధారమే పిల్ల బాగు, మరి తండ్రి గొంతు పిల్లకి వినిపించకుండా చేసినవాళ్ళు పిల్ల బాగు చూస్తున్నారని జడ్జి ఎలా నమ్ముతారు? 2020లో యశితా సాహూ కేసులో, పిల్ల ఎవరి దగ్గరున్నా రెండోవాళ్ళతో వీడియో కాల్స్ సహా సంబంధం ఉండాలని సుప్రీం కోర్టు గట్టిగా చెప్పింది. ఈ ఆదివారం మీరే ఫోన్ కలపండి. పక్కన నిలబడి ‘నాన్నకి రానని చెప్పు’ అని అనకండి. పిల్లకి తొమ్మిదేళ్ళు, జడ్జిగారు ఛాంబర్‌లోకి పిలిచి విడిగా అడగొచ్చు, నేర్పించిన మాటేదో పిల్ల సొంత మాటేదో వాళ్ళకి ఇట్టే తెలిసిపోతుంది.

మీ ఆయన అన్న మాట కూడా తేలిగ్గా తీసేయకండి. రేపు కోర్టులో మిమ్మల్ని అడిగేది ‘ఇంకో పదేళ్ళు పెంచుతారా, మీ ఇంటాయనకి ఇష్టమేనా’ అని. అమ్మగారికి షుగరు, బీపీ అని మీరే రాశారు. మీ ఆయన మనస్ఫూర్తిగా ఊఁ అనకపోతే కోర్టులో ఎంత దూరం వెళ్ళాలో అప్పుడే ఆలోచించుకోండి. ఆయన ఒప్పుకుంటే ఎంబసీలో అటెస్ట్ చేయించిన అఫిడవిట్ పంపమనండి, చాలా పనికొస్తుంది.

నాకు తోచిన మధ్యే దారి ఒకటుంది. ఫ్యామిలీ కోర్టులో ఎలాగూ ముందు కౌన్సెలింగ్‌కి పంపుతారు, అక్కడ మీరే ముందుకొచ్చి ఒక మాట పెట్టొచ్చు. ఈ స్కూలు ఏడాది, వీలైతే ఐదో క్లాసు అయ్యేదాకా పిల్ల ఇక్కడే, దసరాకీ ఎండాకాలానికీ హైదరాబాద్, ఆరో క్లాసు ఎక్కడన్నది పిల్లకి ఆ ఇల్లు, ఆ పినతల్లి, ఆ తమ్ముడు అలవాటయ్యాక. అలా అయితే పిల్ల ఒకేసారి రెండు ఇళ్ళూ పోగొట్టుకోదు. ఆయన ఒప్పుకోకపోవచ్చు, లేదా ఇప్పుడే తీసుకెళ్తా, సంక్రాంతికీ సెలవులకీ మీ దగ్గరికి పంపిస్తా అనొచ్చు. అదైనా కోర్టు ఆర్డర్‌లో రాయించుకుంటే ఆయన మాట తప్పినప్పుడు అడిగే దిక్కుంటుంది, పెద్దల కాగితానికి ఆ బలం లేదు. లేదు, పూర్తిగా పోరాడతానంటే అదీ మీ ఇష్టమే, రెండు మూడేళ్ళు వాయిదాలు తిరగడానికి సిద్ధపడి మొదలుపెట్టండి.

మొదటి వాయిదాకి పిల్లని తీసుకురమ్మని సమన్లలో రాసి ఉంటే తప్ప తీసుకెళ్ళకండి, స్కూలు మానిపించకండి. పిటిషన్ కాపీ మీద ఆయన ఓపీ వేసిన తేదీ ఉంటుంది, పిల్ల ఎక్కడ ఉంటోందో కోర్టు చూసేది ఆ తేదీ నాటికే, కాబట్టి లాయరు దగ్గరికి వెళ్ళగానే ముందు అది చూపించండి, ఆ నెల హాజరుపట్టీ జిరాక్స్ స్కూల్లో అడిగి తీసుకోండి. వాయిదా అయ్యాక ఏం జరిగిందో మళ్ళీ రాయండి.